అత్తయ్య వేయని నామినేషన్

గతవారం శంషాబాద్‌లో మా మేనమామకు సన్మానం జరిగింది. ఆరుసార్లు ఎంపీగా గెలిచిన మనిషి కదా, ఎయిర్‌పోర్టు రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు కట్టారు. ప్రతిదాని మీదా ‘మహిళా పక్షపాతి’ అని ఉంది. ఆ మాట రాసిచ్చింది నేనే. పాతికేళ్లుగా మామ ప్రసంగాలు రాయడమే నా కొలువు. ఆడదాన్నైనా, ఇంటి పట్టున కూర్చుని చేసే పని కాబట్టి ఆయన ‘పద్ధతి’కి అది అడ్డు రాలేదు. పద్ధతి అన్న మాటంటే మామకు ప్రాణం. ఢిల్లీలోనూ అదే, తుక్కుగూడ సభలోనూ అదే, పెళ్లి పందిట్లో దీవించేటప్పుడూ అదే.

ఆయన ఢిల్లీలో ఉన్నన్నాళ్లూ ఇక్కడ జనం గోడు విన్నది అత్తయ్య. అర్జీలు పట్టుకొచ్చిన వాళ్లకు చాయ్ ఇచ్చి, ఎవరి కూతురు దవాఖానలో ఉందో, ఎవరి చేను రన్‌వే కిందికి పోయిందో అడిగి, ఆయన పేరుతో ఉత్తరాలు నాచేత రాయించేది. సభలో ఎవరిని ఏమని పలకరించాలో కూడా ఆమె చెబితే నేను చీటీ రాసి మామ జేబులో పెట్టేదాన్ని. ఆయన జ్ఞాపకశక్తిని జనం తెగ మెచ్చుకునేవారు.

అప్పట్లో ఒకసారి మా ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వయింది. “నువ్వే నిలబడాలె అక్కా” అని వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. అత్తయ్య రెండు రోజులు ఆలోచించి, గడువు చివరి రోజు పొద్దున నాచేత నామినేషన్ కాగితాలు నింపించింది. “సంతకం జర వంకర పోయింది, నడుస్తదా?” అని నవ్వింది. ఆమెను అంత సంతోషంగా నేనెన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం మామ ఫ్లైట్ దిగి నేరుగా ఇంటికొచ్చాడు. కాగితాలు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మనింటి ఆడోళ్లు ఓట్లడుగుడేంది? పద్ధతి గాదు.”

గడువు ముగిసేలోగా తన అనుచరుడి భార్యచేత నామినేషన్ వేయించాడు.

“మరి ఆమె ఆడామె గాదా?” అని అడిగింది అత్తయ్య.

“ఆమె సంగతి ఏరు. నువ్వు నా ఇంటి పరువు.”

అత్తయ్య నావైపు చూసింది. ఆ అనుచరుడి భార్య చదవాల్సిన ప్రసంగాన్ని మామ చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. తల ఎత్తలేదు.

ఆ తర్వాత ఆమె ముందుగదిలోకి రావడం మానేసింది. అర్జీలతో ఎవరొచ్చినా “సారు లేడని చెప్పు” అనేది లోపల్నుంచే. ఆమె పోయి నాలుగేళ్లయింది.

మామకు జనం ముప్పై ఏళ్లు ఇచ్చారు. అత్తయ్యకంటూ దక్కిన కాలం మాత్రం ఆ కాగితాలు నింపిన ఒక్క పూటే. అదైనా ఆమెకు మిగల్చమని మామను నేను నోరు తెరిచి అడగలేదు.