హవాయి విందులో నా పెద్దబిడ్డ

తిరిగొచ్చాక కరీంనగర్‌లో మావాళ్లు నన్ను అడిగిన మొదటి మాట, అక్కడ పంది మాంసం తిన్నావా అని. తిన్నాను. ఉప్పు సరిపోయింది. అడిగిన ప్రతివాళ్లకూ ఇదే చెప్పాను, ముక్కు మూసుకున్నవాళ్లకు ఇంకో రెండు ముక్కలు ఎక్కువ తిన్నట్టు చెప్పాను.

అసలు నేను పోవడమే వాళ్లకు కిట్టలేదు. మా చెల్లెలు నర్సు. ఉద్యోగం మీద హవాయి దీవులకు పోయి, అక్కడే పుట్టి పెరిగిన మనిషిని పెళ్లి చేసుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని ఊసెత్తరు. మా బాపు నలభై ఏళ్లు సాంచాల మీద బట్ట నేసినవాడు. ఆ మరమగ్గాల మోతలో అరిచి అరిచి అలవాటై, మా ఇంట్లో ఉప్పు అందుకోమన్నా కేకే. అసలు చెప్పుకోవాల్సిన మాటలు మాత్రం ఎవరూ పెదవి దాటనివ్వరు. కొడుకు మొదటి పుట్టినరోజుకు పిలవడానికి చెల్లెలు ఫోన్ చేస్తే మా అన్న ఎత్తలేదు. నేను ఎత్తాను. పోతున్నానని అందరి ముందూ చెప్పే పోయాను.

అక్కడ పిల్లవాడికి ఏడాది నిండితే పెద్ద విందు చేస్తారు. లూవావ్ అంటారు. ఆ మాటకు చామాకు అని అర్థమట. నేను పూలదండలు, డాన్సులు ఊహించుకుని పట్టుచీర కట్టుకుపోయాను. తీరా చూస్తే మన పెళ్లింటి హడావిడే. పెరట్లో టార్పాలిన్ పందిరి, మడత బల్లలు, రెండు రోజుల ముందే దిగిన చుట్టాలు. మగవాళ్లు గుంత తవ్వి, బాగా కాల్చిన రాళ్లు పరిచి, పందిని అరటాకుల్లో కప్పి పైన మట్టి పోశారు. ఆడవాళ్లు చామాకుల్లో మాంసం పెట్టి పొట్లాలు కడుతున్నారు. వచ్చిన కాడి నుంచి బిక్కుబిక్కుమంటున్నదాన్ని, చామాకు కనపడగానే కొంగు దోపి వాళ్ల మధ్య కూర్చున్నాను. నేను కట్టినవాటిలో రెండు ఊడిపోయాయి. పక్కనున్నామె వాటిని తీసుకుని మళ్లీ కట్టింది.

భోజనాల వేళ చెల్లెలి అత్తగారు ఒక పెద్ద చెక్క గిన్నె తెచ్చి మూత తీసింది. ఉడికించి దంచిన చామగడ్డ. ఊదారంగులో జారుగా, మన అంబలిలాగే కొంచెం పులిసి ఉంది. వేళ్లతో ముంచుకుని తినాలన్నారు. చేత్తో తినడం నాకొకరు నేర్పాలా?

నా ఎదురుగా ఇద్దరు అన్నదమ్ములు ఏదో పడవ గురించి గట్టిగా తగువులాడుకుంటున్నారు. గిన్నె తెచ్చిన ముసలామె దాని వైపు చూపించిందంతే, ఇద్దరూ ఆపేశారు. ఏమిటని అడిగితే, ఈ గిన్నె తెరిచి ఉన్నంతసేపు పోట్లాడకూడదు, ఇంటి పెద్దవాడు ఎదురుగా ఉన్నట్టే లెక్క, అంది చెల్లెలు. ఎవరా పెద్దవాడని అడిగాను. ముసలామె చెబుతుంటే చెల్లెలు తెలుగులో చెప్పింది. వాళ్ల మొదటి తల్లికి తొలిచూలు బిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడు. ఇంటి పక్కనే పాతిపెట్టారు. అక్కడ చామ మొలిచింది. తర్వాత పుట్టిన కొడుకు నుంచి మనుషులు వచ్చారు. అందుకే చామ మనుషులందరికీ అన్న.

నా చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

నా కొడుకు కంటే ముందు నాకో ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. నాకు చూపించలేదు. గుడ్డలో చుట్టి మగవాళ్లు తీసుకుపోయారు. ఎక్కడికని అడిగితే మరిచిపొమ్మన్నారు. పద్నాలుగేళ్లలో అందరూ మరిచిపోయారు. నేను మరిచిపోలేదు, మరిచిపోయినట్టు నటించాను, ఆ నటనంటేనే నాకు అసహ్యం.

నాకెందరు పిల్లలని ముసలామె అడిగింది. నన్ను అడగకుండానే చెల్లెలు ఒక వేలు చూపించింది. నేను దాని చెయ్యి పట్టుకుని రెండో వేలు లేపాను.

"ఇద్దరని చెప్పు. పెద్దది ఆడిపిల్ల."

చెల్లెలు ఏడ్చింది. నేను ఏడవలేదు. ముసలామె గిన్నెను నా వైపు జరిపింది.

ఇంటికొచ్చిన వారానికి బాపు దగ్గర అందరం భోజనానికి కలిశాం. వంట నేనే చేశాను, చామగడ్డ పులుసు. విస్తళ్ల ముందు కూర్చున్నామో లేదో అన్న అందుకున్నాడు. నేను పోయి ఇంటి పరువు తీశానన్నాడు, చెల్లెలు లేనట్టేనని ఎన్నిసార్లు చెప్పాలన్నాడు. నేను పులుసు గిన్నె తెచ్చి అందరి మధ్యలో పెట్టి మూత తీశాను.

"అన్నం కాడ లొల్లి పెట్టకన్నా. పెద్దది కూసున్నది."

"ఏ పెద్దది?"

"నా పెద్దబిడ్డ. నువ్వు లేదన్నంత మాత్రాన లేకుండ పోదు. చెల్లె గూడ అంతే."

బాపు ముద్ద కలిపి అలాగే పట్టుకున్నాడు. కేకవేస్తే తప్ప మాట రాని మనిషి, పక్కనే ఉన్న నాకు కూడా సరిగా వినపడనంత మెల్లగా అన్నాడు.

"కాలువ కట్ట మీద, బిడ్డా. రెండో తూము కాడ. నేనే తీస్కపోయిన."

పద్నాలుగేళ్లు ఈ మాట ఈ మనిషి దగ్గరే ఉంది. రోజూ చూస్తూనే ఉన్నాడు నన్ను. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పోవాలని కూడా లేదు.

ఆడవాళ్లు అలాంటి చోటికి పోగూడదని అన్న గొణిగాడు. నేను లేచి వంటింట్లోకి పోయాను. బుట్టలో మిగిలిన చామగడ్డల్లో మొలక వచ్చినదాన్ని ఒకటి ఏరి కొంగులో కట్టుకున్నాను. బాపు ముందుకొచ్చి నిలబడ్డాను.

"చెయ్యి కడుక్కో బాపు. ఇప్పుడే పోదాం."

బాపు అన్న ముఖం వైపు చూడలేదు. లేచి చెయ్యి కడుక్కుని చెప్పులు వేసుకున్నాడు.