వేడినీళ్ల బుగ్గలో అబ్బా

మా ఇంట్లో నాన్నను అబ్బా అని పిలుస్తాం. చిన్నప్పుడు బడి గేటు దగ్గర ఆయన్ను చూసి "అబ్బా!" అని అరిస్తే, మా టీచరు పరుగెత్తుకొచ్చి ఎక్కడ దెబ్బ తగిలిందని నా మోకాళ్లు తడిమింది. ఆమె తప్పేం లేదు. ఆ మాట తెలుగులో నొప్పిది. ఈ నాలుగేళ్లుగా మా అబ్బా కూడా దాన్ని నొప్పికే వాడుతున్నాడు. కూర్చుంటే అబ్బా, లేస్తే అబ్బా. "ఎవల్ని పిలుస్తానవ్? మీ అబ్బా పోయి ఇరవై ఏండ్లాయె" అని అమ్మ ఎగతాళి చేసేది.

ఆయన వయసులో ఉన్నంత కాలం ఎనుమాముల మార్కెట్లో హమాలీగా మిర్చి బస్తాలు మోశాడు. బస్తాలు ఎవరెవరి ఇళ్లకో పోయాయి, బరువు మాత్రం ఆయన మోకాళ్లలో ఉండిపోయింది. చిప్పలు మార్చాలని డాక్టరు అంటే వద్దన్నాడు. నమాజులో సజ్దా చేయాలంటే మోకాళ్ల మీదికి దిగి నుదురు నేలకు ఆనించాలి. అది కుదరక, మసీదులో వెనక వరుసలో కుర్చీ వేసుకోవడం మొదలైంది. ఆ ప్లాస్టిక్ కుర్చీ కొని తెచ్చింది నేనే. ఎంత మంచి పని చేశానో అనుకున్నాను కూడా.

ఒకరోజు అన్నం తింటూ అన్నాడు: "దొర ముందల మా అబ్బా చెప్పులిడిసి, చేతులు కట్టుకొని నిలబడేటోడు. నేనేమో అల్లా ముందల దొరలెక్క కుర్చేసుకొని కూసుంటాన. ఒక్కసారి, ఒక్క సజ్దా నేల మీద చేస్తే సాలు బిడ్డా."



గోదావరి వైపు అడవిలో వేడినీళ్ల బుగ్గ ఉందని, అందులో మునిగితే కీళ్లు వదులవుతాయని ఆయన పాత హమాలీ దోస్తు ఎప్పటినుంచో చెబుతున్నాడు. నేను మందుల షాపులో పని చేస్తాను. నీళ్లతో నొప్పులు పోతే ఇక మేం షట్టర్ దించుకోవడమే అని నవ్వేదాన్ని. అరిగిన ఎముకను ఏ నీళ్లూ పెంచవు, ఆ మాట ఇప్పటికీ అంటాను. అయినా మూడు రోజులు సెలవు పెట్టాను. హనుమకొండలో పొద్దున్నే బస్సెక్కాం. ములుగు దాటి, పాలంపేట వైపు మలుపు దాటి, అడవి మొదలయ్యేసరికి అబ్బా నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.

అక్కడ పెద్ద హంగులేం లేవు. భూమిలోంచి ఉబికే నీటిని రెండు సిమెంటు తొట్లలోకి మళ్లించారు. మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి, మధ్యన రేకు అడ్డం. చలికాలం కావడంతో పొగమంచు ఎక్కడ ఆగిందో, నీటి ఆవిరి ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఉడికిన గుడ్డు పొట్టు తీస్తే వచ్చే వాసన. తొట్టి అంచుల మీద నీరు ఆరి ఆరి తెల్లటి పెచ్చు కట్టింది. వేలితో గీస్తే సున్నంలా రాలింది.

తొట్లు కడిగే ముసలమ్మ అబ్బాను పైనుంచి కిందికి చూసింది.

"రోగం పోతదని నేను చెప్ప తమ్మీ. నొప్పే నిన్ను జరసేపు మర్శిపోతది. సబ్బు పెట్టకు, తల తిరిగితే బయటికి రా."

అమ్మా నేనూ మా వైపు తొట్టిలోకి దిగాం. నీళ్లు మెడ దాకా వచ్చాయి. నా చేతులు వాటంతట అవే పైకి తేలాయి. ఏ పనీ లేని చేతులను చూసి ఎన్నేళ్లయిందో! ఎక్కడో ఒక పిట్ట కూసి ఆగేది. అంతలో రేకు అవతలినుంచి వినిపించింది: "అబ్బా..."

"ఏమైందయ్యా? జారినవా?" అమ్మ ఒక్క ఉదుటున లేచింది.

కాసేపటికి మళ్లీ అదే మాట, ఈసారి ఇంకా పొడుగ్గా, చివర్లో నవ్వు కలిసి. అప్పుడర్థమైంది. హాయి పుట్టినా తెలుగులో అదే మాట కదా! అమ్మ మళ్లీ నీళ్లలోకి జారింది.

ఆ తర్వాతి గంటలకు లెక్క లేదు. నానడం, తినడం, నిద్రపోవడం. కలలో కూడా ఆవిరే కనిపించేది. రెండో రోజు అమ్మ, మేం దిగిన గదిలో కూడా కాపడం పెడదామని ఒక బకెట్ నీళ్లు మోసుకెళ్లి, చల్లారాయని స్టవ్ మీద మరగబెట్టింది. గదంతా కుళ్లు గుడ్ల కంపు. ముసలమ్మ పడీ పడీ నవ్వింది: "భూదేవి కాచిన నీళ్లు నీకు ఆనలేదా అక్కా?"

మూడో రోజు సాయంత్రం బస్సు. అంతకు ముందు అబ్బా చివరిసారి నానాడు. అసర్ నమాజు వేళయింది. గది నుంచి కుర్చీ తెస్తానన్నాను. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ముఖం, కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకొని, తొట్టి పక్కన నేల మీద తువ్వాల పరిచాడు. నిలబడ్డాడు. వంగాడు. ఒక అరచెయ్యి నేలకు, తర్వాత రెండోది. ఒక మోకాలు. రెండో మోకాలు. ఆయన నుదురు తువ్వాల అంచు దాటి మట్టి నేలను తాకింది.

తాకి, అక్కడే ఉండిపోయింది.

ఎంతసేపటికీ లేవలేదు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇరుక్కపోయిండే, లేపు" అంది. నమాజులో ఉన్న మనిషిని ఎట్లా లేపేది? దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆయన వీపు మెల్లగా పైకీ కిందికీ కదులుతోంది. భయం కాస్త తగ్గింది. ముసలమ్మ కూడా చీపురు ఆపి నిలబడింది.

చివరికి అరచేతులు ఊనుకొని, తనంతట తానే లేచి కూర్చున్నాడు. మిగతా నమాజు కూర్చునే ముగించి, కుడికీ ఎడమకీ ముఖం తిప్పి సలాం చెప్పాడు. అప్పటిదాకా ఆపుకున్న అమ్మ ఒక్కసారిగా విరుచుకుపడింది.

"నా పానం పోయినంత పనైంది! లేవరాకపోతే లేవరాదని జర సైగన్నా చెయ్యొద్దా?"

అబ్బా నుదుటికి మట్టి అంటుకొని ఉంది. తుడుచుకోలేదు.

"లేవరాక కాదే," అన్నాడు. "లేవబుద్ధి కాలే."

నేను దులుపుదామని తువ్వాల తీసుకున్నాను. దులపకుండానే గుండెకు హత్తుకొని ఏడ్చాను.