సముద్రాన్ని గారెలకు పిలిచినవాణ్ని

పిలిచిన చుట్టం అలిగి రాకపోవడం మీరు చూసే ఉంటారు. పిలవని చుట్టం ముందే వచ్చి పంక్తిలో కూర్చోవడమూ చూసే ఉంటారు. కానీ ఆఫీసరుగారికి గారెలు పెడుతూ, ఆ పంక్తికి సాక్షాత్తూ సముద్రాన్ని రప్పించిన మొనగాణ్ని మీరెక్కడా చూసుండరు. చూడాలనుంటే పోర్ట్ బ్లెయిర్ వచ్చి, ఫెర్రీ దాటి, హోప్ టౌన్‌లో టేపు భయ్యా ఎవరని అడగండి. నా ఇల్లు చూపిస్తారు. అసలు పేరు శ్రీనివాసరావని మా అమ్మకీ, రేషన్ కార్డుకీ తప్ప ఎవరికీ గుర్తులేదు.

సునామీ వచ్చేనాటికి మా ఇల్లు ఒడ్డునే ఉండేది. నాన్న ఫెర్రీ నడిపే సరంగు. ఫెర్రీ కూత వినపడగానే అమ్మ ఎసట్లో బియ్యం పోసేది. నాన్న జెట్టీ నుంచి నడిచొచ్చి కాళ్లు కడుక్కునేసరికి అన్నం దిగేది. ఒక్కరోజు మాడలేదు, ఒక్కరోజు పలుకవలేదు. సునామీకి రెండేళ్ల ముందే నాన్న జ్వరంతో పోయాడు. అయినా అమ్మ కూత వినే బియ్యం పోసేది. ఆ తర్వాత సముద్రం వచ్చింది. అమ్మా నేనూ కొండ మీదికి పరిగెత్తి బతికాం. ఇంటికి కాళ్లు లేవు కాబట్టి అది పోయింది. పాత అరుగు, వంటగట్టు, వాటికి ముందు నాన్న పడవ కట్టుకోవడానికి పాతిన కొయ్య మిగిలాయి.

మేం ఫెర్రీ దాటి, పోర్ట్ బ్లెయిర్ లంబాలైన్‌లో అద్దెగదికి మారాం. పక్కనే రన్‌వే. విమానం దిగినప్పుడల్లా గూట్లో గిన్నెలు వణికేవి.

"ఒరే శీనూ, ఈ ఇమానం మోతకి బియ్యం పొయ్యమంటావేట్రా?" అనేది అమ్మ. "ఎక్కడ్నుంచొస్తాదో, ఎవుడు దిగుతాడో. ఎవుడికని వండాల?"

నేను నవ్వేవాణ్ని. అన్నం మాత్రం రోజూ మాడేది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఒడ్డున ఇంటికి పర్మిషన్ తెచ్చి చూడు అనడం మర్చిపోయారు, పాపం వాళ్లకి సునామీ తెలియదు. రూలేమిటంటే, పోటు నీళ్లు గరిష్ఠంగా ఎక్కడిదాకా వస్తాయో అక్కడొక గీత ఉంటుంది. దాన్ని హై టైడ్ లైన్ అంటారు. ఆ గీత నుంచి ఇంత దూరం వదిలితేగాని ఇల్లు కట్టకూడదు. ఈ రూలు ఊరందరికీ వల్లించేవాణ్ని నేనే. ఎందుకంటే నాకు సివిల్ డిప్లొమా ఉంది, ఒక కాంట్రాక్టరు దగ్గర సైటు సూపర్వైజరు ఉద్యోగం ఉంది, జేబులో పెన్ను ఉంది. చెప్పేవి శ్రీరంగనీతులు, కొలిచేవి సొంతింటి కొలతలు!

భూకంపానికి మా వైపు నేల కుంగిందనీ, నీళ్లు ఇదివరకటికంటే లోపలికొస్తున్నాయనీ అందరికీ తెలుసు. నాకూ తెలుసు. మా జాగా కింద మాత్రం కుంగలేదని నా గట్టి నమ్మకం. నా చిన్నప్పుడు ఎంత పెద్ద పోటైనా నాన్న కొయ్య దగ్గరే ఆగేది. కాబట్టి గీత అక్కడే అని తీర్మానించాను. ఒక మంచి ఎండరోజు టేపు తీసుకెళ్లి కొలిస్తే, పాత అరుగు వెనక మా కొబ్బరిదొడ్డి చివర ఇల్లు పట్టే జాగా రూలుకి అతికినట్టు సరిపోయింది. నీళ్లు కూడా బుద్ధిమంతుల్లా కొయ్య దగ్గరే నిలబడి ఉన్నాయి.

అప్పుడే వల భుజాన వేసుకుని జగ్గారావు మావయ్య వచ్చాడు. ఒడ్డున ఉన్నప్పటి పక్కింటాయన, నాన్నకి చిన్ననాటి స్నేహితుడు.

"ఏటల్లుడూ, సముద్రానికి టేపెడతన్నావు? జాకెట్టు కుట్టిస్తావేటి?"

"హై టైడ్ లైన్ కొలుస్తున్నా మావయ్యా."

"అది టేపు సెప్పదురా. సందమామనడగాల. మొన్న పున్నమికి నీల్లు మీ అరుగెక్కేసినాయి, నా కల్లారా సూసాను."

"నీ కళ్లజోడు మార్పించు మావయ్యా!" అన్నాను, డిప్లొమా ధీమాతో.

మీరు నావాళ్లు కాబట్టి ఒక నిజం చెబుతాను. నెల ముందు వచ్చినప్పుడు నీళ్లు కొయ్య దాటి ఉండటం నేనూ చూశాను. టేపు తేలేదు కదాని నాకు నేనే చెప్పుకుని తిరిగెళ్లిపోయాను. టేపు సంచిలోనే ఉంది.

ప్లాను గీసి, ఎర్ర పెన్సిల్‌తో కొయ్య మీదుగా గీత లాగి ఆఫీసులో ఇచ్చాను. ఆఫీసరు సాబు నెమ్మదస్తుడు. జాగా చూడ్డానికి ఈ సోమవారం రానా, వచ్చే సోమవారం రానా అని హిందీలో అడిగారు. ఇంటికొచ్చి అమ్మకి చెబితే పంచాంగం తీసింది.

"ఈ సోమారం అష్టమి. అష్టమినాడెవులైనా ఇంటిపని మొదలెడతారేట్రా? ఆ పై సోమారం రమ్మను. దివ్యంగుంది."

"సరే."

చూశారా ఆ "సరే"? నా సర్వనాశనమంతా అందులోనే ఉంది. అష్టమికి ఏడు రోజులు కలిపితే ఏ తిథి వస్తుందో అమ్మ వేళ్ల మీద చెబుతుంది. పడవవాళ్ల ఇళ్లలో పసిపిల్లలు చెబుతారు. నాకు డిప్లొమా ఉంది కాబట్టి నేను లెక్కపెట్టలేదు.

ఆ సోమవారం పొద్దున్నే అమ్మ కిరసనాయిలు స్టవ్వూ, రుబ్బిన పిండీ పట్టుకుని ఫెర్రీ ఎక్కింది. ఆఫీసరుకి మన వంటింట్లోనే వండిపెట్టాలని ఆవిడ పట్టు. మన వంటిల్లంటే గోడల్లేని పాత వంటగట్టు! నేను అరుగు మీద రెండు కుర్చీలూ ఒక బల్లా వేసి, బల్ల మీద ప్లాను పరిచి, కొబ్బరాకుతో తోరణం కూడా కట్టాను. తొమ్మిదిన్నరకి సాబు వచ్చి కూర్చున్నారు. దూరంగా జగ్గారావు మావయ్య రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. నన్ను ఆశీర్వదిస్తున్నాడనుకుని తిరిగి దణ్ణం పెట్టాను.

రెండో గారె కొరుకుతూ సాబు కిందకి చూశారు. "శీనూ, యే పానీ కహాఁ సే ఆయా?"

"ఏ పానీ, సాబ్?"

"నా చెప్పులు ఎత్తుకెళ్తోందే, ఆ పానీ."

"పంపు లీకయ్యుంటుంది, సాబ్."

"ఇల్లే లేదు. పంపెక్కడిది?"

నేను చెప్పుల వెనక పరిగెత్తాను. ఒకటి దొరికేలోపు రెండోది కొబ్బరిదొడ్డి వైపు, అంటే సరిగ్గా మేం ఇల్లు కట్టబోయే చోటికి, నాకంటే ముందు గృహప్రవేశానికి బయల్దేరింది. నాన్న కొయ్య కొస మాత్రమే పైకి కనిపిస్తోంది. దాని మీదొక కాకి. అప్పటికి మావయ్య నీళ్లలో కాళ్లీడ్చుకుంటూ దగ్గరికొచ్చాడు.

"ఇయ్యాల పున్నమిరా, ఎర్రోడా! పున్నమి!"

ప్లాను బల్ల మీంచి జారి నీళ్లలో పడింది. సాబు వంగి తీసి, ఎర్ర గీతని శ్రద్ధగా చూశారు.

"గీత చక్కగా గీశావు. ఒక్కటే లోపం. సముద్రం దీన్ని చదవలేదు."

ఆ తర్వాత అమ్మ వైపు తిరిగి, "మాజీ, నీళ్లు రోజూ ఎక్కడిదాకా వస్తాయి?" అని అడిగారు. నేను ఆయన వెనక నిలబడి, కొయ్య చూపించమ్మా, కొయ్య చూపించు అని కళ్లతో, చేతులతో, ఆఖరికి చేతిలో ఉన్న చెప్పుతో కూడా సైగలు చేశాను. అమ్మ మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి, గట్టు మీది మూకుడులో గారె తిరగేస్తోంది. ఆవిడ హిందీ మా దీవి హిందీ, దానికి తెలుగు ఇది:

"ఇదివరకు ఆ కొయ్యకాడే ఆగేది బాబూ. ఆయనుండేవోడు కదా, ఆగేది. ఇప్పుడు ఇంట్లోకొచ్చేత్తంది. నేనొద్దంటే ఆగుద్దా?"

సాబు గారె చేతిలోనే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే జెట్టీ వైపు ఫెర్రీ కూత వేసింది. అమ్మ చిల్లుగరిటె వదిలేసి సంచిలో చెయ్యి పెట్టింది. కాసేపు వెతికింది.

"బియ్యం తేలేదురా శీనూ," అంది.

అంతదాకా నాకు సిగ్గు మాత్రమే ఉంది. ఆ మాటతో నాన్న మీద ఎంత బెంగ ఉందో తెలిసొచ్చింది. నేను కొలిచింది నేలని కాదు, నాన్న ఉన్న రోజుల్ని. అవి ఏ రూలుకీ సరిపోవు. చేతిలో తడి చెప్పుతో అక్కడే నిలబడి ఏడ్చాను. సాబు పాపం చెప్పు కోసం అడగలేక మొహం పక్కకి తిప్పుకున్నారు.

పదిరోజులకి ఉత్తరం వచ్చింది. దాని సారాంశం ఇది: "పోటు నీరు కొయ్య దాటదని దరఖాస్తుదారు రాశారు. పోటు నీరు స్వయంగా హాజరై ఆ మాటని ఖండించింది. దరఖాస్తు తిరస్కరించడమైనది." అడుగున సాబు పెన్సిల్‌తో, కొండవైపు జాగాకి పెట్టుకో, మాజీకి నమస్తే చెప్పు అని రాశారు.

పెట్టుకున్నాం. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఆలస్యంగానైనా కొండ మీద ఇల్లు కట్టుకున్నాం. అక్కడికీ కూత వినిపిస్తుంది. అన్నం మాడటం మానేసింది. కొండెక్కి రావడానికి ఎక్కువసేపు పడుతుంది కదాని, అమ్మ ఇప్పుడు కూత విన్నాక కొంచెం ఆగి బియ్యం పోస్తుంది. ఎవరు ఎక్కి రావాలని నేను అడగను.

కాబట్టి, మీ అందరి ఎదుటా, పంచాంగం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ టేపు పట్టుకుని సముద్రం దగ్గరికి వెళ్లను. వట్టి చేతులతో కూడా వెళ్లను. ప్రతి పున్నమికీ అమ్మ గారెలు కట్టిస్తుంది, అవి పట్టుకునే వెళ్తాను. కొయ్య మునిగేదాకా చూసి, మొదటి గారె నీళ్లలో వేస్తాను. పిలిచింది నేనే కదా, పెట్టకుండా పంపితే నాన్న ఊరుకోడు.