పాల బూత్ వైపు తిరిగాక

మొన్న ఆదివారం ఫోనుకి ఒక వీడియో వచ్చింది. మా మాస్టారి మనవరాలు తన కాలేజీ పచ్చికలో నిలబడి, తాతగారి కుంగ్‌ఫూ వరసంతా ఎక్కడా తడబడకుండా చేసి చూపించింది. కింద వాళ్ళమ్మ రాసిన మాట, “భయ్యా, బిల్కుల్ పాపా జైసే.” అచ్చం నాన్నలాగే ఉందట. సంతోషించాల్సిన విషయమే. నేను మాత్రం ఫోను బోర్లా పెట్టి, ఏమైందని మా ఆవిడ అడిగితే కళ్ళు మండుతున్నాయని చెప్పి, మా నోయిడా ఫ్లాటు బాల్కనీలోకి వెళ్ళి కూర్చున్నాను.

తొంభైల మొదట్లో సామర్లకోట నుంచి కంప్యూటర్ ఉద్యోగానికని వచ్చి, జనక్‌పురిలో ఒక ఇంటి డాబా మీది ఒంటిగదిలో దిగాను. ఢిల్లీ వాళ్ళు బర్సాతీ అని ముద్దుగా పిలిచే ఆ గదుల్లో కాపురమున్న నా ఈడువాళ్ళకి అక్కడి ఎండా చలీ నేను వర్ణించి చెప్పనక్కర్లేదు. కింది వాటాలో మాస్టారి కుటుంబం ఉండేది. ఆయన పుట్టింది కలకత్తా చీనా పేటలో, బతుకుతెరువు మార్కెట్లో చెప్పుల దుకాణం, మాట బెంగాలీ యాస కలిసిన హిందీ. పొద్దున్నే ఎదురు పార్కులో ఆయన గాలిలో దేన్నో మెల్లగా పట్టుకుని, మళ్ళీ జాలిపడి వదిలేస్తున్నట్టు కదులుతుంటే, డాబా మీద పళ్ళు తోముకుంటూ నవ్వుకునేవాణ్ణి. నవ్విన నాపచేనే పండినట్టు, చలికాలం ముదిరేసరికి చలికి నిద్రపట్టకా, బస్సు ప్రయాణాలకి పట్టేసిన నడుం వదలకా నేనే వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను. ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు, మోకాళ్ళు కాస్త వంచమన్నారు, అంతే.

ఆయన నేర్చుకున్న తీరు వింటే, బడిలో మన డ్రిల్లు మాస్టర్లు దేవుళ్ళనిపిస్తారు. తోళ్ళ కార్ఖానాలో పనిచేసే వాళ్ళ చిన్నాన్న, తడి తోళ్ళు పరిచిన నేల మీద మోకాళ్ళు వంగదీసి నిలబెట్టేవాడట. కాలు జారితే పిక్కల మీద తోలు పట్టీ చురుక్కుమనేది. అలా ఏళ్ళ తరబడి నిలబడడం వచ్చాక గానీ చెయ్యి ఎత్తనివ్వలేదట. ఆ విద్య ఎక్కడా రాసి ఉండదు, ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి రావాల్సిందే. చైనాతో యుద్ధమొచ్చి, వాళ్ళ పేటలో చీనా మనుషుల్ని పోలీసులు పట్టుకుపోతున్నారని తెలిసినప్పుడు, చిన్నాన్న వరసలోని చివరి భాగాన్ని ఆ తోళ్ళ మధ్యనే హడావిడిగా నేర్పేశాడు. తర్వాత చిన్నాన్ననీ తీసుకుపోయారు, మళ్ళీ తిరిగి రాలేదు. ఈ సంగతి మాస్టారు ఒక్కసారే చెప్పారు, చెప్పుకి మేకు కొడుతూ, తలెత్తకుండా. ఆ భాగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన కదలిక ఇంకా నెమ్మదించేది.

నా చదువంతా గుర్తులు పెట్టుకుని పాసైన చదువు కదా, ఇక్కడా అదే తెలివి చూపించాను. పార్కు పక్కనున్న నీళ్ళ ట్యాంకు వైపు మొహం పెట్టి మొదలుపెట్టడం, బెంచీ వైపు అడుగు వేయడం, పాల బూత్ వైపు తిరగడం, అక్కణ్ణుంచి చివరి భాగం. మాస్టారు ఇట్టే కనిపెట్టి, నన్ను రోజుకో దిక్కుకి తిప్పి నిలబెట్టేవారు. ట్యాంకు కనబడకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. “టంకీ మత్ దేఖ్, బేటా. టంకీ తేరే సాథ్ నహీఁ జాయేగీ,” అనేవారు. ట్యాంకు నీ వెంట రాదురా అని. నేను విసుక్కునేవాణ్ణి. మోకాళ్ళు అరిగి ఆయన బెంచీకి అతుక్కుపోయాక, పోనీలే అన్నట్టు నన్ను ట్యాంకు వైపే తిరగనిచ్చారు. ఆయన పక్కనే ఫ్లాస్కులో టీ పట్టుకుని కూర్చునే కూతురు తనకూ నేర్పమని గొడవచేస్తే, పరీక్షలు కానీయమనేవారు. ఆ పరీక్షలు రాకముందే ఒక వేకువజామున నిద్రలోనే వెళ్ళిపోయారు.

అలా ఆ వరస లోకంలో నా ఒక్కడి దగ్గరే మిగిలింది. ఆ మాట ఎంత బరువైనదో నాకప్పుడు తెలియలేదు. పెళ్ళయింది, నోయిడా వచ్చేశాం, ఇవాళ కాదు రేపనుకుంటూ మానేశాను.

నిరుడు ఆ కూతురు, ఇప్పుడు బ్యూటీ పార్లర్ నడుపుతున్న మనిషి, తన పిల్లని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. ఆ పిల్ల నా కాళ్ళకి దణ్ణం పెట్టి, “మామూ, నానాజీకా సబ్ కుఛ్ ఆప్ హీ కే పాస్ హై,” అంది. తాతగారిదంతా మీ దగ్గరే ఉందని. మరిచిపోయానమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు ఒక్కణ్ణే జనక్‌పురి వెళ్ళాను. ట్యాంకు కూలగొట్టేశారు, పాల బూత్ ఉన్నచోట కార్లు నిలబెట్టారు. ట్యాంకు ఉండేదనుకున్న వైపు తిరిగి మొదలుపెడితే, పాల బూత్ వైపు తిరిగేదాకా అంతా వచ్చింది. ఆ తర్వాత చేతులు గాల్లో ఆగిపోయాయి. ఎన్నిసార్లు చేసినా అక్కడే ఆగిపోయాయి.

అక్కడితో ఆపేసి ఉంటే నాది మతిమరుపు మాత్రమే అయ్యేది. మొదటి భాగంలోవి కొన్ని తిరగేసి, పొద్దుటి యోగాలోవి కొన్ని అతికించి, ఆ పిల్లకి చివరి భాగమని నేర్పేశాను. ఆమె దాన్ని ఎంత భక్తిగా నేర్చుకుందో తలుచుకుంటే అన్నం సహించదు. వీడియోలో సరిగ్గా అక్కడికి వచ్చాక ఆమె నెమ్మదిస్తుంది. మీ తాతగారు ఇక్కడ నెమ్మదించేవారని నేనే చెప్పాను. ఆ భాగంలో నిజం అదొక్కటే. వాళ్ళమ్మకి తండ్రి కనబడింది కూడా అక్కడేనేమో.

ఢిల్లీ మారిపోయిందని మన వయసు వాళ్ళం నలుగురం చేరితే అనుకుంటూనే ఉంటాం, మెట్రో వచ్చిందని, బర్సాతీలు పోయాయని, చలి కూడా మునుపటిది కాదని. అవన్నీ అందరి కళ్ళకీ కనబడే మార్పులు. వీడియో కింద నిజం రాద్దామని ఆ రోజు ఫోను తీసి, చివరికి “బహుత్ అచ్ఛా” అని పంపాను. వచ్చే నెల నుంచి ఆ పిల్ల చిన్నపిల్లలకి నేర్పబోతోందట. తడి తోళ్ళ మధ్య ఒక మనిషి పోతూ పోతూ అప్పగించింది మారిపోయిందన్న సంగతి మాత్రం నాకొక్కడికే తెలుసు, నాతోనే పోతుంది కూడా.