గళ్ళ ముఖం

రాయ్‌పూర్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు కొత్తగా వస్తున్న రోజులవి. బిలాస్‌పూర్ రోడ్డు బస్సులో నా పక్కన కూర్చున్నామె, కాగితాలు అతికించి చేసిన పెద్ద బొమ్మను ఒళ్ళో నిలబెట్టుకుంది. దగ్గర్నుంచి చూస్తే అన్నీ నల్లటి, బూడిదరంగు గళ్ళే.

దారికడ్డంగా ఉంది, మడిచెయ్యమని, "మోడ్ లో, బహన్‌జీ," అంటూ కండక్టర్ హిందీలో కసిరాడు.

"నహీ మోడూంగీ," అందామె. ఆపైన తెలుగులో, "మొగుడి ముఖం మడుస్తారా ఎవరైనా?" అని గొణిగింది.

తెలుగు వినపడగానే ఏమైందని అడిగాను. ఆమె భర్త ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి పోయాడట.

"అలాంటోడు మా దగ్గర పనే చెయ్యలేదంటన్నారన్నా. విశ్వకర్మ పూజనాడు అక్కడి మిషన్ల ముందు తీసిన గ్రూప్ ఫొటోలో ఆవగింజంత ఉన్నాడు. నేను టైపింగ్ చేసేచోట దాన్ని స్కాన్ చేయించాను. కంప్యూటర్‌లో ఉండే పెయింట్‌లోనే ముఖం వరకు కోసి, సాగదీసి సాగదీసి ఇంత చేశాను. ఇప్పుడు చెప్పమను, కనపడలేదని!"

ఊరు దాటి చాలా దూరం వెళ్ళాక ఫ్యాక్టరీ దగ్గర దిగింది. వాచ్‌మన్ "హటో, హటో" అని అరుస్తున్నా వినకుండా, మూసిన గేటుకు వీపు ఆనించి బొమ్మను తలపైకెత్తింది. షిఫ్టుకి వస్తున్నవాళ్ళు సైకిళ్ళు దిగి ఆగిపోయారు.

బస్సు కదిలింది. దూరమయ్యేకొద్దీ గళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, సన్న మీసంతో, నవ్వబోతున్న మనిషి కనిపించాడు.

అతని పేరు నేనడగలేదు. ముఖం మాత్రం ఈరోజుకీ గుర్తుపట్టగలను.