పెద్ద చేప పొట్టముక్క

మార్చి 14, ఉదయం 9 గంటల 20 నిమిషాలు. చేపల సంతలో ఏడో బల్ల మీద కత్తి ఆగింది. సెల్‌ఫోన్ మోగలేదు; అయినా సంతంతా ‘పెద్దముక్క’ అని పిలిచే ఆమె చేతులు తుడుచుకుని మళ్ళీ తీసి చూసింది.

“అత్తయ్యా, మీరలా చూస్తుంటే చేపలు బల్ల మీదే ఉడికేట్టున్నాయి,” అంది పక్కనే మంచుగడ్డలు పగలగొడుతున్న కోడలు. ఆమెకు ఆరో నెల.

విద్యుత్తు కోసం ఆనకట్ట కట్టి, అడవిలోయను నీటితో నింపి ఆరేళ్ళయింది. నేలలో సహజంగా ఉండే పాదరసాన్ని, మునిగిన అడవి కుళ్ళేచోట సూక్ష్మజీవులు విషరూపంలోకి మారుస్తాయి. ఈ సంతకు వచ్చేవి ఆ నీటి చేపలే. చిన్న చేపను పెద్ద చేప తింటుంది. మెట్టుమెట్టుకూ విషం చిక్కబడుతుంది. ఆ సంతలో చేప కోసినవారికి దాని పొట్టముక్క కూలిలో భాగం. ‘పెద్దముక్క’ మాత్రం అన్నిటికన్నా పెద్ద చేప పడేదాకా ఓపిక పట్టి, ఆ ముక్కను కోడలికే వండిపెట్టేది. ఆ పేరు అలా వచ్చిందే.

రెండో నెలలో ఆరోగ్య కేంద్రం నర్సు కోడలి వెంట్రుకలను పరీక్షకు పంపింది. పాదరసం గ్రాము వెంట్రుకలకు ఒక మైక్రోగ్రాము దాటకూడదు. 2.1 వచ్చింది.

“ఉప్పూ నిమ్మరసం పట్టించి ఏడు నీళ్ళు కడిగానమ్మా,” అంది అత్త.

“కడిగితే పోవడానికి అది బురద కాదు పిన్నీ, కండలోనే ఉంది. కడుపులో బిడ్డ మెదడుకు మంచిది కాదు. ఇకనుంచి చిన్న చేపలే పెట్టు,” అంది నర్సు.

మర్నాటి నుంచి ఆమె వేలెడు చేపలు ఏరసాగింది. కడుపుతో ఉన్నవాళ్ళు పెద్ద చేప అడిగితే కోయనని మొండికేసేది. ఎనిమిదో బల్లాయనకు నవ్వులాట అయింది.

“పెద్దముక్క కాస్తా చిన్నముక్క అయిందే.”

“బిడ్డ పుట్టనీ అన్నయ్యా, నీ సంగతి తీరిగ్గా చూస్తా.”

ఈవేళ ఆయన కూడా తన కత్తి పక్కన పెట్టి, మెడ చాచి నిలబడ్డాడు. రెండో పరీక్ష ఫలితం రావాలి. ఫోన్ మోగింది. అత్త చేతిలోంచి జారి అది మంచులో పడింది. కోడలు చటుక్కున తీసి స్పీకరు పెట్టింది. బల్లలన్నీ దగ్గరికి జరిగినట్టయింది.

“తలకు దగ్గరి సెంటీమీటరే పరీక్షించారు పిన్నీ, అంటే పోయిన నెలది...”

“అంకె చెప్పక్కా ముందు,” అంది కోడలు, పొట్ట మీద చేయి వేసుకుని. “మా అత్తయ్య ఊపిరి బిగబట్టి నిలబడింది.”

నర్సు చెప్పింది.

0.7.