ఎల్ బోర్డుతో చీతా దర్శనం

ఇంట్లో ఫుల్ లైసెన్సు ఉన్న మనిషిని వెనక సీట్లో కూర్చోబెట్టి, డ్రైవింగ్ పరీక్ష రెండుసార్లు తప్పిన మనిషి స్టీరింగ్ పట్టుకోవడం తెలివైన పని కాదు. ఆ ఫుల్ లైసెన్సు నా భార్య సుజాతది. తప్పింది నేను. డబ్లిన్ నుంచి కార్క్ పక్కనున్న వన్యప్రాణుల పార్కుకి సొంత కారులో ఒక్కరోజులో వెళ్ళిరావాలనుకునేవాళ్ళు ఈ కథనం శ్రద్ధగా చదివి, నేను చేసినదానికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తే క్షేమంగా, సకాలంలో చేరతారు.

అప్పట్లో ఐర్లండులో, మేముండే డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లో ఎటు చూసినా క్రేన్లే. గాజు బిల్డింగు ఒకటి లేవగానే అందులోకి ఇద్దరు నల్గొండవాళ్ళు, ముగ్గురు గుంటూరువాళ్ళు దిగేవాళ్ళు. అలా దిగినవాళ్ళలో నేనొకణ్ణి. హైదరాబాదులో పదేళ్ళు కారు తోలినవాణ్ణి. ఆ లైసెన్సు ఇక్కడ మొదటి ఏడాదే చెల్లుతుంది. తర్వాత ఎంతటి మొనగాడైనా మళ్ళీ ఓనమాలు దిద్దాల్సిందే: క్లాసులు, పరీక్ష, కారుకి ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం.

నేను రెండుసార్లూ ఒకే కారణంతో తప్పాను. అద్దాలు చూడలేదట. నాకు ముందుచూపు ఉంది గానీ వెనకచూపు లేదని ఎగ్జామినర్ మర్యాదగా తేల్చాడు. మెహిదీపట్నంలో వెనక వచ్చేవాడి సంగతి వెనక వచ్చేవాడే చూసుకుంటాడు. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు. సుజాత ఇండియాలో స్కూటీ తప్ప మరోటి ముట్టుకోలేదు. చెడు అలవాట్లేవీ లేకపోవడం వల్ల మొదటిసారే పాసైంది.

ఇక ప్రయాణానికి కారణం మా అమ్మాయి మహి. ఏడేళ్ళది. సోమవారం క్లాసులో నిలబడి చీతా గురించి మాట్లాడాలి. అందరూ పుస్తకంలో చదివి చెప్తారు, నేను మాత్రం చీతా పరిగెత్తడం కళ్ళతో చూసి చెప్తాను అని టీచరుకి మాటిచ్చి వచ్చింది. పార్కువాళ్ళు చీతాలని రోజుకొకసారి పరిగెత్తించి తిండి పెడతారు. శనివారం అది మధ్యాహ్నం రెండున్నరకి. ఆ ఒక్క పరుగు కోసమే ఈ యాత్ర.

శుక్రవారం సాయంత్రం వంటింట్లో ప్లానింగ్ మీటింగ్ జరిగింది.

"నేను నడుపుతా. మోటర్‌వే మీద పోతే మూడు గంటలు కూడా పట్టది. పదింటికి బయల్దేరినా చాలు," అంది సుజాత, చింతపండు పిసుకుతూ.

"వచ్చే వారం నా టెస్టు. నాకు ప్రాక్టీసు కావాలె," అన్నాను.

"ప్రాక్టీసుకి కార్కే పోవాల్నా? ఈ పక్కనున్న డండ్రం పోయి రారాదు?"

ఎల్ బోర్డు మనిషి మోటర్‌వే ఎక్కకూడదు. పక్కన రెండేళ్ళ పాత లైసెన్సు ఉన్నవాళ్ళు కూర్చోవాలి. లేదంటే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కారు పట్టుకుపోతారు. సుజాత లైసెన్సుకి నాలుగు నెలలే. ఆమె ఒక్కతే దేశమంతా తిరగొచ్చు, నన్నూ తిప్పొచ్చు గానీ, నాకు కాపలాగా కూర్చోవడానికి మాత్రం పనికిరాదు. ఇంత స్పష్టంగా చట్టం ఆమె పక్షాన ఉన్నా, నేను అప్పటికే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో 'రేపు కార్క్, సెల్ఫ్ డ్రైవ్' అని పెట్టేశాను. పరువు సమస్య.

పై అంతస్తులో ఉండే ప్రసాద్ అన్నని అడిగాను. గుంటూరాయన, ఆఫీసులో నాకు సీనియర్, ఎనిమిదేళ్ళ లైసెన్సు. వదిన, పిల్లలు చుట్టాల పెళ్ళికి గుంటూరు వెళ్ళారు.

"కూర్చోడానికేముందయ్యా, కూర్చుంటా. జిరాఫీల మధ్య కారులో తిరగొచ్చంటనా?"

"లేదన్నా. కారు బయట పెట్టి నడవాలె."

"మరి సెల్ఫ్ డ్రైవ్ అని పెట్టావు?"

"ఇంటి నుంచి గేటు దాకా."

"పులిహోర ఉంటదా?" అన్నాడు. ఉంటుందన్నాను. ఆ పార్కులో పులులున్నాయో లేవో గానీ, మా కారులో మాత్రం ఉదయం నుంచే పులి ఉంది.

పాత రోడ్డున ఐదు గంటలు వేసుకుని ఏడున్నరకి బయల్దేరాలనుకున్నాం. ఎనిమిదింబావుకి కదిలాం. నా పక్కన ప్రసాద్ అన్న. వెనక సుజాత, మహి, వాళ్ళిద్దరి మధ్య పెద్దమనిషిలా పెరుగన్నం గిన్నె. డబ్లిన్ చుట్టూ ఉన్న రింగురోడ్డు కూడా మోటర్‌వేనే కాబట్టి ఊళ్ళోంచి పోయాం. క్లాండాల్కిన్ దాటేసరికే ప్రసాద్ అన్న తన కాళ్ళ దగ్గర లేని బ్రేకుని నాలుగుసార్లు తొక్కాడు.

"అద్దం చూడు."

"చూసిన అన్నా."

"ఎప్పుడు చూశావు? నేను నీ మొహమే చూస్తన్నా గదా!"

"నువ్వు నా మొహం చూస్తే రోడ్డెవరు చూడాలె?"

"నువ్వు!"

నేస్ దగ్గర రోడ్డు చెప్పాపెట్టకుండా మోటర్‌వేగా మారిపోతుంది. నీలం బోర్డు కనపడకముందే ఎడమకి దిగిపోవాలి. మీరు కూడా ఎల్ బోర్డువాళ్ళయితే ఇది గుర్తుపెట్టుకోండి. నేను దిగాను. దిగాక న్యూబ్రిడ్జ్‌లో ఒక రౌండబౌటు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాను. "ఇక్కడ ఏ దేవుడున్నాడు?" అని వెనక నుంచి సుజాత అడిగింది. ఆ ఉదయం ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

నిజం చెప్పాలంటే పాత రోడ్డు అందంగా ఉంది. మోటర్‌వే వచ్చాక లారీలన్నీ అటు పోయాయి. ఊళ్ళు మళ్ళీ ఊళ్ళయ్యాయి. రంగురంగుల షాపులు, కిటికీల కింద వేలాడే పూలకుండీలు, చర్చి మెట్ల మీద కబుర్లు చెప్పుకునే ముసలమ్మలు. ఇవన్నీ నాకు తర్వాత సుజాత చెప్పింది. నేను అద్దాలు చూస్తున్నాను.

డరో అనే ఊరు దాటాక ఒక ట్రాక్టరు మా ముందుకొచ్చింది. వెనక గడ్డి మోపుల ట్రాలీ. రోడ్డు మధ్యన తెగని తెల్ల గీత. చట్టప్రకారం నేను దాటలేదు. కొంతసేపటికి ట్రాక్టరు అతను పక్కకి ఒరిగి, చెయ్యూపి, పొమ్మన్నాడు. గీత ఇంకా తెగలేదు కాబట్టి నేను పోలేదు. అతను ఆగాడు. నేనూ ఆగాను. నా వెనక పది కార్లు ఆగాయి.

"పోవయ్యా బాబూ, ఆయన దారిచ్చాడు!"

"గీత ఇయ్యలే అన్నా."

"టెస్టు వచ్చే వారమయ్యా, ఇయ్యాల కాదు!"

చివరికి ఆ రైతు దిగివచ్చి, నా కిటికీ దగ్గర వంగి, కారు పాడైందా అని సానుభూతిగా అడిగాడు. లేదన్నాను. 'గ్రాండ్' అన్నాడు. ఇక్కడ అన్నింటికీ ఆ మాటే. వెళ్ళి మళ్ళీ ట్రాక్టరెక్కి, పెళ్ళి ఊరేగింపులా మమ్మల్ని తర్వాతి పొలం గేటు దాకా నడిపించాడు.

కాషెల్ చేరేసరికి ఒంటిగంట. కొండమీద రాతికోట కింద ఒక బెంచీ దొరికింది. పులిహోర విప్పాం. పక్క బెంచీలో కుక్కతో కూర్చున్న పెద్దాయన ఎక్కడికని అడిగాడు. కార్క్ దగ్గర పార్కుకి అన్నాను.

"ఈ రోడ్డునా? ఏం, మోటర్‌వే పోయిందా పాపం?" అన్నాడు, చావు కబురు అడిగినట్టు.

ప్రసాద్ అన్నకి పులిహోర పొలమారింది. పెద్దాయన కారు వెనక ఎల్ బోర్డు చూశాడు. వెంటనే తల తిప్పుకున్నాడు. కుక్క కూడా తల తిప్పుకుంది.

అప్పుడే మహి నా ఫోను తీసింది. దారి చూపే యాప్‌లో చేరే సమయం ఉంటుంది కదా. అది చూసి, ఏడవలేదు, అరవలేదు. ఫోను నా ఒళ్ళో పెట్టి, "డాడ్, మూడుంబావు అంటోంది. ద చీటా ఈజ్ అట్ హాఫ్ టూ," అంది. ఇక్కడి మాటలో హాఫ్ టూ అంటే రెండున్నర. ఆ వెంటనే, "ఇట్స్ ఓకే. ఐ'ల్ సే ఐ సా ఇట్," అంది.

చూశానని అబద్ధం చెప్తుందట. టీచరుకిచ్చిన మాట పోతుందనో, నేను చిన్నబుచ్చుకుంటాననో. ఏడేళ్ళ పిల్ల నా పరువు కాపాడటానికి అబద్ధానికి సిద్ధపడింది. నేను పులిహోర డబ్బాకి మూత పెట్టేశాను.

సుజాత చేతులు కడుక్కుంది. "మోటర్‌వే ఎక్కితే రెండుంబావు. దిగు. తాళం నాకియ్యి," అంది.

ఇచ్చాను. ఫుల్ లైసెన్సు మనిషి నడిపేటప్పుడు ఎల్ బోర్డు ఉండకూడదు. ముందు బోర్డు అయస్కాంతం కాబట్టి బుద్ధిగా వచ్చేసింది. వెనకది నేనే జిగురుతో, జీవితాంతం ఉండాలన్నట్టు అంటించాను. కాషెల్ నడిబొడ్డున, ఆ పెద్దాయనా, కుక్కా చూస్తుండగా, మోకాళ్ళ మీద కూర్చుని గోళ్ళతో గీకాను. తోలడం వేరు, తోలు వలవడం వేరు అని అప్పుడు తెలిసింది. కొత్త డ్రైవర్లు రెండేళ్ళు ఎన్ బోర్డు పెట్టుకోవాలి. అదెక్కడ తేవాలా అనుకుంటుంటే సుజాత హ్యాండ్‌బ్యాగులోంచి రెండు తీసింది.

"ఎప్పుడు పెట్టుకున్నవ్?"

"నిన్న. నువ్వు గ్రూపుల మెసేజ్ పెట్టినప్పుడు."

ఈలోపు ప్రసాద్ అన్న నా మోకాళ్ళ భంగిమ ఫోటో తీసి, 'కాషెల్‌లో ప్రభుత్వం మారింది' అని గ్రూపులో పెట్టాడు. ఫెర్మోయ్ దాటేదాకా నా జేబులో ఫోను నవ్వుతూనే ఉంది. అన్నీ ఆ పసుపు మొహాలే.

సుజాత నడపడం గురించి చెప్పడానికేమీ లేదు. అదే గొప్ప. లేని బ్రేకుని ఎవరూ తొక్కలేదు. వెనక సీట్లో ప్రసాద్ అన్న, పెరుగన్నం గిన్నె పక్కపక్కన ప్రశాంతంగా కూర్చున్నారు. టోల్‌గేటు దగ్గర కూడా కారు అలా ఆగి ఇలా కదిలింది. రెండూ ఇరవైకి పార్కు బయట కారు నిలిపింది. టికెట్లు ముందే ఆన్‌లైన్లో కొన్నాం, మీరూ అలాగే కొనండి. గేటు దాటగానే పరుగే. జిరాఫీలు తలెత్తి చూశాయి, లేదా వాటి తలలు ఎప్పుడూ పైనే ఉంటాయి. ఒక కోతి మా దారికడ్డంగా కూర్చుని, మేం చుట్టూ తిరిగి పోయేదాకా కదల్లేదు.

చీతా కంచె దగ్గరికి చేరేసరికి జనం. మహిని భుజాల మీదికెత్తుకున్నాను. లోపల ఒక పొడవాటి తీగ, దానికి వేలాడే మాంసం ముక్క. మోటరు గుర్రుమంది. ముక్క గాల్లో దూసుకుపోయింది. గడ్డిలోంచి ఏదో బంగారు రంగు గీత లేచింది. నేల మీద కాళ్ళు ఆనాయో లేదో తెలియలేదు. తోక మాత్రం మలుపు దగ్గర చుక్కానిలా తిరిగింది. ఎగిరింది, అందుకుంది, అయిపోయింది. మేము పొద్దుటి నుంచి వచ్చిన దారి విలువ నాలుగైదు రెప్పపాట్లు. మహి నా జుట్టు రెండు చేతులా పట్టుకుని లాగిందని ఆ తర్వాత నొప్పి పుట్టాక తెలిసింది.

"చూసినవా?" అన్నాను.

"ఐ సా ఇట్!" అంది. ఈసారి నిజం.

పార్కులో పనిచేసే అమ్మాయి చుట్టూ పిల్లలు మూగారు. చీతా ఎలా గర్జిస్తుందని మహి అడిగింది. "గర్జించదు బంగారూ, మీ ఇంట్లో పిల్లిలా గుర్రుగుర్రుమంటుంది, కాస్త పెద్దగా," అని ఆ అమ్మాయి చెప్పింది. ఆ చప్పుడు రికార్డు చేద్దామని మహి నా ఫోను కంచెకి ఆనించి చాలాసేపు నిలబడింది. తర్వాత వింటే గాలి, ఎవరో పసివాడి ఏడుపు, ప్రసాద్ అన్న "అబ్బబ్బబ్బ" అనడం తప్ప మరేమీ లేవు. ఆయన ముందు ఒక పొడుగాటి దొర నిలబడటం వల్ల ఆయనకి కనపడింది ఆ దొర టోపీ. అబ్బబ్బ అన్నది ఆ టోపీని చూసే.

ఐదున్నరకి తిరుగుప్రయాణం. పెరుగన్నం పార్కు బల్ల మీదే అయిపోయింది. నేను ముందు సీట్లో కూర్చుని మొదటిసారి ఐర్లండు చూశాను. ఇంత పచ్చదనం ఇక్కడ ఉందని నాకెవరూ చెప్పలేదు, చెప్పినా అద్దాల్లో చూసి ఉంటాను. మీరు వెళ్ళాలనుకుంటే నా సారాంశం ఇదే: పదింటికి బయల్దేరండి, మోటర్‌వే పట్టండి, బాగా నడిపేవాళ్ళకి తాళం ఇంటి దగ్గరే ఇచ్చేయండి. కాషెల్ దాకా ఆగకండి.

ఆ కాషెలే దాటుతుండగా వెనక నుంచి ఒక శబ్దం మొదలైంది. లోతుగా, తెరలు తెరలుగా, మధ్యమధ్య చిన్న ఈలతో. ప్రసాద్ అన్న నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నేను ఫోను నెమ్మదిగా సీట్ల మధ్యలోంచి చాపి రికార్డు చేశాను. 'చీతా, తిన్న తర్వాత' అని రాసి గ్రూపులో పెట్టాను.

"డాడ్! దట్స్ వెరీ బోల్డ్," అంది మహి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఇక్కడి పిల్లల భాషలో బోల్డ్ అంటే అల్లరి పని. క్లాసుకి మాత్రం అది పట్టుకెళ్ళనని ముందే చెప్పేసింది. ఆమె నిజాలే చెప్తుంది.

గ్రూపులో అందరూ చేతులు జోడించారు. ఇది ఐర్లండు నేషనల్ జంతువేనా అని ఒకాయన అడిగాడు. పోర్ట్‌లీష దగ్గర ప్రసాద్ అన్న లేచి, కళ్ళు నులుముకుని, ఫోను తెరిచి, చెవికి ఆనించుకుని విన్నాడు. మళ్ళీ విన్నాడు.

"చూశావా రవీ, ఏం రాజసమయ్యా! అక్కడ నాకు వినపడనే లేదు," అన్నాడు. అని, వెంటనే గుంటూరులో వదినకి ఫార్వర్డ్ చేశాడు.

అక్కడ అర్ధరాత్రి కావస్తున్నా జవాబు నిమిషంలో వచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు తనలో తాను చదువుకుని, పైకి చదివాడు.

"'దీనికోసం అంత దూరం పోయారా' అంటందేందయ్యా మీ వదిన?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. సుజాత భుజాలు కదులుతున్నాయి. కారు మాత్రం గీత దాటలేదు.